నాలుక కింద నాలుగు చుక్కలు

"నోరు తెరువు," అంది ఇక్బాల్ బీ.

పీర్ మహమ్మద్ నోరు తెరిచాడు. నాలుక పైకి మడిచి, కళ్లు మూసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడిలా అరుగు మీద కూర్చున్నాడు. రోజూ ఉన్న పనే ఇది. ఫజర్ నమాజు చదివి రావడం, మేకకు ఇంత ఆకు వేయడం, గడ్డం దువ్వుకోవడం, చాయ్ కంటే ముందు ఈ చుక్కలు వేయించుకోవడం. నాలుక కింద నాలుగు చుక్కలు. పూల మందు. భయానికీ, నిలవని మనసుకూ.

ఇక్బాల్ బీ గోధుమరంగు సీసాలోంచి గొట్టం తీసి నొక్కింది. ఉత్త గాలి వచ్చింది. మళ్లీ నొక్కింది. "అయ్యో, అయిపాయె," అంది. "కొత్త సీస తెస్త. నోరు ముయ్యకు."

నోరు ఎందుకు మూయకూడదో ఆమెకే తెలియాలి. ఆయన మాత్రం మూయలేదు. చెప్పిన మాట వినే మనిషి. సరే, ఆయన అలా నోరు తెరుచుకుని కూర్చున్న ఈ కాసేపట్లోనే ఆయన సంగతి చెప్పేసుకుందాం. ఎక్కువ టైము పట్టదు. పీర్ మహమ్మద్ గురించి చెప్పడానికి ఏముందని కొత్తకోటలో ఎవరినడిగినా భుజాలు ఎగరేస్తారు.

ఆయన కాజాలు కుడతాడు. తినే కాజాలు కావు, బొత్తాం దూరే కాజాలు. దర్జీలు అంగీ కుట్టి పక్కన పడేస్తే, పట్టీకి గీత పెట్టి, బ్లేడుతో చీల్చి, ఆ చీలిక అంచు చుట్టూ దారంతో ఒక్కో ముడి వేసుకుంటూ వచ్చే పని. అంగీ వేసుకున్నవాడు కాలరు చూసుకుంటాడు, జేబు చూసుకుంటాడు. కాజాను చూసేవాడెవడు? ఊడిపోతే తప్ప అది ఉన్నట్టే తెలియదు. పొడుగ్గా, సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఎడమ చూపుడువేలి కొస సూది పోట్లకు గట్టిపడి, గోరింటతో ఎర్రబడ్డ గడ్డానికి జత కలిసినట్టు ఎర్రగా ఉంటుంది. యాభై ఏళ్లుగా అదే పని. మిషన్లు వచ్చి కాజాల పని చాలావరకు మింగేశాయి. అయినా టైలర్ విజేందర్ దుకాణం ముందు చెక్కపెట్టె మీద ఆయన జాగా ఆయనకుంది.

భయం ఆయనకు పుట్టుకతో లేదు. తెలంగాణ వచ్చిన ఏడాది, వానాకాలంలో ఒక సాయంత్రం వచ్చింది. పక్క దుకాణంలో చెప్పులు కుట్టే గుర్వయ్య, ఆయనా ఇద్దరూ ముచ్చట పెట్టుకుంటూ పెద్దరోడ్డు దాటుతున్నారు. గుర్వయ్య ఏదో నవ్వులాట మాట అంటున్నాడు. మాట సగంలో ఉండగానే లారీ వచ్చింది. ఆ సగం మాట ఏమిటో పీర్ మహమ్మద్‌కు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత గుండె దడ మొదలైంది. ఉన్నట్టుండి చెమటలు. చెవుల్లో హోరు. ఇప్పుడే, ఈ క్షణమే ప్రాణం పోతున్నదన్నంత భయం. దడ లేనప్పుడు మనసు నిలవదు. సూదిలో దారం ఎక్కించి, ఎందుకు ఎక్కించాడో మరిచిపోయేవాడు. ఒకసారి పెళ్లికొడుకు అంగీకి కాజాలన్నీ ఆడవాళ్ల జాకెట్టుకు పెట్టినట్టు కుడివైపు పట్టీకి చీల్చేశాడు. కాజా చీల్చాక మళ్లీ అతకదు. ఎంత దారం పోసినా మచ్చ మచ్చే. ఆ పెళ్లికొడుకు పెళ్లంతా మీద శాలువా తీయలేదు పాపం. విజేందర్ ఒక్క మాట అనలేదు గానీ, తర్వాత చాలా రోజులు కత్తిరించే పని తనే చేసి, కుట్టడం మాత్రం ఈయనకు ఇచ్చేవాడు. ఆ దయకు పీర్ మహమ్మద్ లోపల్లోపల కుమిలిపోయేవాడు.

పాలమూరు దవాఖానలో చూపిస్తే గుండె భేషుగ్గా ఉందన్నారు. భయానికి గోలీలిచ్చారు. అవి వేసుకుంటే కూర్చున్నచోటే తూగి, సూది వేలిలో దిగేది. మళ్లీ వెళ్లి ఆ సంగతి చెబితే వేరే గోలీలు ఇచ్చేవాళ్లేమో. ఆయన వెళ్లలేదు. గోలీలు తీసి గూట్లో పెట్టాడు. అప్పుడే ఎవరో పూలసారు పేరు చెప్పారు.

పూలసారు అంటే రామచంద్రం. బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఏ దేశంలోనో పూసే పూలను ఎండలో నీళ్లలో నానబెట్టి తీసిన మందట, తెప్పించి అడిగినవాళ్లకు ఉత్తగనే ఇస్తాడు. ఒక పువ్వు భయానికి, ఒకటి దిగులుకు, ఒకటి కుదురు లేని పిల్లలకు. మొదటిరోజు ఆయన పీర్ మహమ్మద్‌ను మధ్యాహ్నం నుంచి దీపాలవేళ దాకా కూర్చోబెట్టి గుర్వయ్య సంగతంతా చెప్పించుకున్నాడు. అంతకు ముందు ఎవరూ అడగలేదు. చివరికి సీసా చేతిలో పెట్టి, ఇక్బాల్ బీకి ఒక పద్ధతి చెప్పాడు: చుక్కలు వేశాక ఇద్దరూ మాట్లాడకుండా కూర్చోవాలి. ఆయన నాడి మీద నీ వేళ్లు ఉండాలి. అది నెమ్మదించేదాకా లేవొద్దు.

నెల తిరిగేసరికి దడ తగ్గుముఖం పట్టింది. ఇక్బాల్ బీ మసీదు వైపు తిరిగి ఏడ్చింది, అంత సంతోషం. ఆ సంతోషంలోనే ఒకరోజు సీసా మూత తీసి వాసన చూసింది. ఘాటుగా ఏదో కొట్టింది. సారును అడిగితే, దాచడానికేం లేదన్నట్టు, "పాడుగాకుండ బ్రాందీల పెడ్తరమ్మా" అన్నాడు. వేడినీళ్లలో వేస్తే ఆ గుణం పోతుందని కూడా అన్నాడు. కానీ ఆ మాట ఆమె చెవికెక్కలేదు. బ్రాందీ అన్న దగ్గరే చెవులు మూసుకుపోయాయి. యా అల్లా! అయిదు పూటల నమాజు చదివే మనిషి నోట్లో తన చేత్తో సారాయి పోసిందా? ఇంటికొచ్చి సీసాను పెరట్లో గోరింట చెట్టు మొదట్లో బోర్లించింది. సీసా కడిగింది. కాచి చల్లార్చిన నీళ్లు నింపి, తనకు వచ్చిన దువా చదివి, మూడుసార్లు ఊది మూత పెట్టింది. మొగుడికి చెప్పలేదు. చెబితే మందు లేదని తెలిసి ఆ దడ మళ్లీ వస్తుందేమోనని భయం. ఇక అదే ఆనవాయితీ. సారు దగ్గర కొత్త సీసా వచ్చినప్పుడల్లా గోరింట చెట్టు తాగుతుంది, ఈయన నీళ్లు తాగుతాడు. ఆ గోరింటాకే ఆయన గడ్డానికి పెడుతుంది గనక, బ్రాందీ ఆయన గడ్డం దాకా చేరిందేమో గానీ గొంతు దాకా చేరలేదు.

ఇక్కడొక సంగతి ఉంది. నీళ్లు వేసిన మొదటిరోజే పీర్ మహమ్మద్‌కు తెలిసిపోయింది. ఎప్పుడూ నాలుక కింద చురుక్కుమనే చుక్క ఆరోజు చల్లగా జారింది. ఉత్త నీళ్లు. అయిపోయింది, ఇవాళ దడ వస్తుంది అనుకున్నాడు. కళ్లు మూసుకుని ఎదురుచూశాడు. ఇక్బాల్ బీ మణికట్టు పట్టుకుని పక్కనే కూర్చుంది, ఎప్పటిలాగే. దడ రాలేదు. మర్నాడూ రాలేదు. ఎందుకు మార్చిందో ఆయనకు తెలియదు గానీ, అడిగితే ఈ కూర్చోవడం ఆగిపోతుందని మాత్రం తెలుసు. పొద్దున్నే లేచింది మొదలు పొయ్యి, మేక, పిల్లలు, బట్టలు అని పరుగులు తీసే మనిషి, మందు పేరు చెప్పి ఇంతసేపు తన పక్కన కదలకుండా కూర్చుంటున్నది. ఆ భాగ్యం పోగొట్టుకోవడానికి ఆయనేమన్నా పిచ్చివాడా? నోరు మూసుకున్నాడు. అంటే, రోజూ తెరిచాడు.

పదేళ్లు దాటింది. ఇవాళ కూడా తెరిచే ఉంది.

కొత్త సీసా నిన్న సాయంత్రం కొడుకు నదీం తెచ్చి గూట్లో పెట్టాడు. మామూలుగా అయితే ఇక్బాల్ బీ ఆ రాత్రికే దాని పని పట్టేది. కానీ నిన్ననే మనవరాలు మెహ్రీన్ పాలమూరు నుంచి వచ్చింది. నర్సింగు చదువుతున్న పిల్ల. వచ్చిందన్న సంబరంలో ఖీమా వండి, ముచ్చట్లు పెట్టుకుని సీసా సంగతే మరిచింది. ఇప్పుడు గుర్తొచ్చి గూటి వైపు అడుగు వేసేలోపు, గడపలో నిలబడి పళ్లు తోముకుంటున్న మెహ్రీన్ చెయ్యి చాపి సీసా అందుకుంది.

"నేనేస్త దాదీ. మాకు గిదే పని రోజూ."

"వద్దు బిడ్డా, నాకియ్యి..."

మెహ్రీన్ అప్పటికే మూత తీసింది. ముక్కు ముడుచుకుంది. సీసా తిప్పి చీటీ మీది సన్న అక్షరాలు చదివింది.

"దాదీ! గిది బ్రాందీ!"

ఆ పిల్ల గొంతు చిన్నది కాదు. పిట్టగోడ అవతల బట్టలు ఆరేస్తున్న నర్సింగమ్మ చెయ్యి అక్కడే ఆగింది. నర్సింగమ్మకు ఇలాంటి మాట చెవిన పడితే ఆరోజు అన్నం కూడా అక్కర్లేదు. గోడ మీదికి గడ్డం ఆనించి, "ఏందే బిడ్డా, ఏం బ్రాందీ? మీ ఇంట్లనా?" అంది.

"దాదా తాగే మందుల! పూలు ఏదో పేరుకు ఏసిండ్రు, మిగిలిందంత గదే. దాదా, పదేండ్ల సంది నువ్వు గిదే తాగుతున్నవా?"

పీర్ మహమ్మద్ కళ్లు తెరిచాడు. భార్య ముఖం చూశాడు. ఆమె పెదవులు తెల్లబడ్డాయి, ఖాళీ సీసాను కొంగులోకి దాచుకుంటున్నది. ఆమె ఎందుకు మార్చిందో ఆయనకు ఈ క్షణంలో అర్థమైంది. ఇన్నేళ్లూ తన నోటిని కాపాడుకుంటూ వచ్చిందన్నమాట. ఇప్పుడు నిజం చెబితే, పదేళ్లు మొగుణ్ని మోసం చేశానని నలుగురి ముందు ఒప్పుకోవాలి. ఆ బాధ ఆమెకెందుకు?

నోరు మూసి, గొంతు సవరించుకున్నాడు. "నాకు ఎరుకే," అన్నాడు. "మందు లెక్క తాగిన. నాలుగు చుక్కలకేం గాదు తీ."

అది ఆయన జీవితంలో చెప్పిన అబద్ధాల్లో పెద్దది. నర్సింగమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఎంత పని జేస్తివి పీర్ సాబూ! మా ఇంటాయన తాగితే బుద్ధి చెప్పనీకి నిన్ను పిలుస్తుంటి గదా!"

అంతే, ఇక్బాల్ బీకి ఎక్కడ లేని కోపం వచ్చింది. తనను ఏమన్నా అనొచ్చు. ఆ మనిషిని తాగుబోతుల జతన కట్టడమా?

"తాగలే!" అని అరిచింది. "గా మనిషి నోట్ల ఒక్క చుక్క పోలే! నీళ్లు! ఉత్త నీళ్లు! నేను పోసిన, నేను! బ్రాందీ గా చెట్టుకు పోసిన. వాసన జూస్కో పో నర్సింగమ్మా, చెట్టు వాసన జూస్కో!"

మేక ఒక్కటే నములుతున్నది. ఇక్బాల్ బీ మొగుడి వైపు తిరగలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీళ్లని చెప్తే నీకు మళ్ల దడ వస్తదని చెప్పలే. మోసం జేసిన. మాఫ్ చెయ్యి నదీం అబ్బా."

"నాకు ఎరుకే," అన్నాడు పీర్ మహమ్మద్ మళ్లీ. ఈసారి అబద్ధం కాదు.

"ఏం ఎరుక?"

"నీళ్లని. తొలినాడే."

ఇలా అంటే ఆమె తేలిక పడుతుందనుకున్నాడు. ఆడవాళ్ల సంగతి అరవై ఏళ్లు దాటినా ఆయనకు తెలియలేదు. ఇక్బాల్ బీ ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత చిన్నబోయింది. "ఎరుకై గూడ పొద్దుగాల పొద్దుగాల నా తోని నోరు తెరిపిచ్చుకుంటివా? నేను దువా చదివి చదివి ఊదుతుంటే నవ్వుకుంటివా లోపట?" అంది. జవాబు కోసం ఆగలేదు. వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. గిన్నెలు మాత్రం చాలాసేపు మాట్లాడాయి.

ఆరోజు చుక్కలు పడలేదు. చెయ్యి పట్టుకునేవాళ్లు లేరు. చాయ్ కూడా మెహ్రీనే ఇచ్చింది. పీర్ మహమ్మద్ చాయ్ తాగుతుంటే ఒకటే ఆలోచన: దడ వస్తే? పదేళ్లుగా రానిది ఇవాళ వస్తే, ఇక ఇక్బాల్ బీ తన వల్లే వచ్చిందని జీవితమంతా తనను తాను తిట్టుకుంటుంది. రాకూడదు. ఇవాళ మాత్రం రాకూడదు.

మెహ్రీన్ తాతతో పాటు దుకాణం దాకా నడిచింది. దవాఖానలో వేసుకునే తెల్లకోటు విజేందర్ కుట్టి పెట్టాడట. కాజాలు దాదానే వేయాలని ఆ పిల్ల పట్టు. సాయంత్రం బస్సుకు అది కావాలి. దారి పొడుగునా తలవంచుకునే నడిచింది.

"నేను గట్ల ఒర్రకపోయేదుండె దాదా."

"పోనీ తియ్యి."

"నాకు కోపం నీ మీద గాదు. గా సారు మీద."

"సారేం జేసిండు?"

"గా పూల మందుకు ఉత్త నీళ్లకు తేడా లేదని పెద్దపెద్దోళ్లు పరీక్ష జేసి చెప్పిండ్రు. భయపడెటోళ్లకు, కుదురు లేని పిల్లలకు, రెండు తీర్ల జూసిండ్రు. ఒగలకు మందు, ఒగలకు నీళ్లు. ఇద్దరికీ గంతే గుణం. తాగితే ఏం గాదు అనుకో. కానీ మా వార్డుల ఒక పిల్ల ఉండె దాదా. గిట్లనే చుక్కలు నమ్మి గోలీలు బంద్ జేసిండ్రు ఇంటోళ్లు. మస్తు గోస పడ్డది."

మనవరాలు చదువుకున్న మాటలు మాట్లాడుతుంటే పీర్ మహమ్మద్‌కు గొప్పగా ఉంది. తను సూది పట్టుకోలేని రోజుల్లో ఈ పిల్ల ఇంకా పలక పట్టుకుని తిరిగేది.

"నువ్వు చెప్పింది నిజమే ఉంటది బిడ్డా. పూలల్ల ఏముందో నాకేం ఎరుక. కానీ సారును ఏమనకు. గుర్వయ్య పోయినంక అందరు మర్చిపొమ్మన్నోళ్లే. గా సారు ఒక్కడే చెప్పుమన్నడు. కూసుండి ఇన్నడు. గది నేను మర్చిపోతే అల్లా నన్ను మాఫ్ చెయ్యడు."

"అయితే ఒక మాట ఇయ్యి. వచ్చే వారం నా తోని పాలమూరు వస్తవు. మా పెద్ద డాక్టరు మంచిగ మాట్లాడుతది. తూగు రాని గోలీలు గూడ ఉన్నయి ఇప్పుడు. భయం గూడ రోగమే దాదా, జ్వరం లెక్క. సిగ్గేం లేదు."

"వస్త," అన్నాడు. నిజంగానే వెళ్దామనుకున్నాడు. పెద్దరోడ్డు దగ్గర ఇద్దరూ ఆగారు. మెహ్రీన్ ఆయన చెయ్యి పట్టుకుని దాటించింది. చిన్నప్పుడు దానికి రోడ్డు దాటడం నేర్పింది ఆయన కాదు. అప్పటికే ఆయనకు చేతకాలేదు. దాటాక ఆయన ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి, "సల్లగుండు," అన్నాడు. ఆ పిల్ల దాదీని బుజ్జగించడానికి ఇంటికి తిరిగింది.

మధ్యాహ్నం దాకా రెండు చీరల ఫాల్సు కుట్టాడు, నాలుగు అంగీలకు బొత్తాలు వేశాడు. బాగానే ఉంది. జొహర్ నమాజు చదివి వచ్చి, మెహ్రీన్ కోటు ఒళ్లో పరుచుకున్నాడు. తెల్లగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంది. ఆడపిల్ల కోటు గనక కాజాలు కుడివైపు రావాలి. గీతలు పెట్టాడు. బ్లేడు తీశాడు.

అప్పుడు వచ్చింది.

మొదట చెవుల్లో హోరు. తర్వాత గుండె ఎవరో తలుపు బాదినట్టు. అంగీ వీపుకు అంటుకుంది. గీత రెండుగా కనబడింది. ఎడమవైపా, కుడివైపా? ఒకసారి చీల్చితే మళ్లీ అతకదు. మనవరాలి మొదటి తెల్లకోటు. బ్లేడు పక్కన పెట్టి రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. లోపల మిషను తొక్కుతున్న విజేందర్ తల ఎత్తాడు.

"ఏందీ చిచ్చా, చాయ్ చెప్పాల్నా? కోయమంటవా నేను?"

ఆ మాట కొట్టినంత పని చేసింది. పదేళ్ల కిందటి దయ మళ్లీ వచ్చింది. "వద్దు," అందామనుకున్నాడు. తల మాత్రం అడ్డంగా ఊపాడు. యా అల్లా, ఇవాళ కాదు. ఇవాళ వస్తే ఆమె బతకదు.

బజారు చివర నల్ల బురఖాలో ఇక్బాల్ బీ వస్తున్నది. మోకాళ్ల నొప్పులతో కాస్త అటూ ఇటూ ఊగుతూ నడుస్తుంది, వంద మందిలో ఉన్నా ఆయన ఆ నడక పోల్చుకుంటాడు. ఇన్నేళ్లలో ఆమె ఈ దుకాణం ముందుకు రావడం ఇదే మొదలు. బజారులో మొగుడి పక్కన కూర్చోవడమంటే ఆమెకు సిగ్గు. వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన ముఖం చూడగానే తెలిసిపోయింది.

"వచ్చిందా?"

తల ఊపాడు. "మందు తెచ్చినవా?" అని అడిగాడు, చిన్నపిల్లవాడిలా.

"ఏం దెచ్చేది? నీళ్లే గదా," అంది. కోపం ఇంకా ఉంది గొంతులో, కానీ కళ్లు వేరేగా ఉన్నాయి.

విజేందర్ తెలివైనవాడు. మాట్లాడకుండా లోపల్నుంచి ఒక నీలం ప్లాస్టిక్ స్టూలు తెచ్చి, అంగీ కొసతో దుమ్ము దులిపి, చెక్కపెట్టె పక్కన వేశాడు. మళ్లీ పోయి మిషను తొక్కుకున్నాడు, అవసరానికి మించిన చప్పుడుతో.

ఇక్బాల్ బీ కూర్చుంది. బజారంతా చూస్తుండగా ఆయన ఎడమ మణికట్టు అందుకుంది. పదేళ్లుగా అలవాటైన వేళ్లు సరిగ్గా అక్కడే వాలాయి. ఎదురుగా కూరగాయల బండివాడు చూసి నవ్వాడు. నవ్వనీ. ఆమె పెదవులు కదులుతున్నాయి, దువా చదువుతున్నది. మెల్లగా, ఊరి చివరికి పోతున్న బస్సు చప్పుడులా, హోరు దూరమైంది. గీత మళ్లీ ఒక్కటైంది.

"నేను నవ్వుకోలే నదీం అమ్మా," అన్నాడు చాలాసేపటికి. "ఒక్కనాడు గూడ నవ్వుకోలే. నువ్వు పక్కన కూసుంటవు గదా అని తెల్లారంగనే లేస్తుంటి."

ఆమె వేళ్లు నాడి మీదే ఉంచి, కూరగాయల బండి వైపు చూసింది.

"నీ తోని చెప్తే నువ్వు కూసుండవనుకున్న. మనకు పెండ్లయిన కాంచి నువ్వు నా పక్కన ఉత్తగ కూసున్నదే లేదు. పనే పని. గా దడ వచ్చినంకనే నిన్ను మంచిగ జూసిన. నిజం చెప్తున్న, గా దడకు గూడ నేను షుక్రియా చెప్తుంట నమాజుల."

"పిచ్చోడా," అంది ఇక్బాల్ బీ. ముసుగు సర్దుకునే వంకతో కళ్లు తుడుచుకుంది. "ఒక మాట అడిగితే నేను కూసుండకపోదునా? గింత మాటకు పదేండ్లు నీళ్లు తాగితివి."

"రేపు గూడ నీళ్లే పొయ్యి," అన్నాడు. "నోరు తెరుస్త."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆమె నవ్వుతుంటే పైపన్ను లేని ఖాళీ కనబడింది. ఆయన బ్లేడు తీశాడు. కుడివైపు పట్టీ మీద, గీత వెంబడే చీల్చాడు. తెల్లదారం ఎక్కించి ముడి వెంట ముడి వేస్తూ పోయాడు. ఆమె లేవలేదు. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చానని గుర్తొచ్చినా, మెహ్రీన్ చూసుకుంటుందిలే అనుకుంది. మొగుడు పని చేస్తుంటే ఆమె ఎన్నడూ చూడలేదు. సూది బయటికి వచ్చిన ప్రతిసారీ దారాన్ని చిటికెన వేలితో ఒక చిన్న గుంజు గుంజుతాడు, ముడి బిగిసిందో లేదో అడిగినట్టు. ఇంత ఓపిక ఈ మనిషిలో ఎక్కడిదనుకుంది. తన అదృష్టం బాగుందనుకుంది.

కడపటి కాజా పూర్తయ్యేసరికి ఎండ ఎదుటి దుకాణాల మీదికి ఎక్కింది. దారం పంటితో కొరికి, కోటు దులిపి, మడత పెట్టి ఆమె ఒళ్లో ఉంచాడు. "బిడ్డ బస్సుకు అందుతది," అన్నాడు. సాయంత్రం అసర్ నమాజుకు పిలిచే అజాన్‌కు ఇంకా కొంత వేళ ఉంది. వెనక గోడకు ఆనుకుని, ఎడమ చెయ్యి ఆమె వైపు చాపాడు. "జర పట్టుకో. రాలే గని, ఉత్తగనే."

పట్టుకుంది. నాడి నెమ్మదిగా ఉంది. పొద్దున్నే చుక్కలు వేశాక చివరికి ఎలా నడుస్తుందో అలాగే, తొందర లేకుండా. ఆయన కళ్లు మూసుకున్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని ఆమె కదలకుండా కూర్చుంది. బజారులో మనుషులు పోతున్నారు, వస్తున్నారు. ఎవరో సలాం చెప్పారు. విజేందర్ మిషను ఆగింది, మళ్లీ నడిచింది. ఆమె వేళ్ల కింద నాడి ఇంకా నెమ్మదించింది. ఇంత నిమ్మళంగా ఎన్నడూ లేదే అని ఆమె సంతోషించింది. అల్లాకు షుక్ర్ చెప్పుకుంది. అజాన్ మొదలైంది. "లే, నమాజుకు పోవా," అంది మెల్లగా. వేళ్లు కొంచెం జరిపి వెతికింది. మళ్లీ జరిపి వెతికింది. అజాన్ అయిపోయేదాకా వెతుకుతూనే ఉంది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. వయసు కూడా అయిందన్నారు. వారం ముందే పాలమూరు తీసుకుపోయి ఉంటే అని మెహ్రీన్ ఏడిస్తే, ఇక్బాల్ బీయే దాన్ని దగ్గరికి తీసుకుంది. "భయంతోని పోలే బిడ్డా. నా చేతిల ఉండె. నాకెరుక," అంది. జనాజాకు పూలసారు కూడా వచ్చాడు. గుంపుకు కాస్త ఎడంగా, చెప్పులు విడిచి నిలబడ్డాడు. తర్వాత ఒకరోజు ఇంటికి వస్తే, ఇక్బాల్ బీ దాచకుండా చెప్పేసింది. "సారూ, మీ మందు ఆయన తాగలే. చెయ్యి మాత్రం మీరు చెప్పినట్టే పట్టుకున్న. మీ రుణం ఎట్ల తీర్చుకోవాలె?" ముసలాయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకోకుండానే లేచి వెళ్లాడు.

మెహ్రీన్ తెల్లకోటు వేసుకుని డ్యూటీకి పోతున్నది. భయంతో వచ్చినవాళ్లకు గోలీ ఇచ్చి వెంటనే కదలదట, కాసేపు కూర్చుంటుందట. తోటి పిల్లలు ఎక్కిరిస్తారని ఫోనులో చెప్పి నవ్వుతుంది.

విజేందర్ దుకాణం ముందు చెక్కపెట్టెను నదీం ఇంటికి తెచ్చుకున్నాడు. నీలం స్టూలు దుకాణానిదే గనక ఎవరూ తేలేదు. విజేందర్ కూడా దాన్ని లోపలికి తీయలేదు. గోడ వారగా, ఎవరికో పక్కన వేసినట్టు కొంచెం ఏటవాలుగా ఉంది. దాని అంచు పగులులో తెల్లదారం ముక్క ఒకటి ఇరుక్కుని, గాలి వీచినప్పుడు కదులుతున్నది.